మిరప రాశికి అవతలి వైపు

పదిహేడేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. బరువు అని రాద్దామనుకున్నాను. కానీ బరువైతే ఎక్కడో ఒకచోట దించి, కాసేపు కూర్చుని, మళ్ళీ ఎత్తుకోవచ్చు. ఇది గొంతులో అడ్డం పడిన మిరప గింజ. మింగుడు పడదు, బయటికి రాదు, నీళ్ళు తాగితే ఇంకాస్త మండుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు నేను నవ్వించే మనిషిని. పెళ్ళిళ్ళలో నా చుట్టూ పదిమంది మూగుతారు, పెద్దకర్మల్లో అయితే ఒక ఐదుగురు తగ్గుతారు. నరసరావుపేటలో ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం నాది. సూదిని చూసి బిగుసుకుపోయేవాళ్ళను మాటల్లో పెట్టి, వాళ్ళు నవ్వు ఆపేలోపు గొట్టం నింపేస్తాను. ఎంత ముసలి చేతిలోనైనా నరం పట్టుకుంటాను. నాలో నుంచి ఈ ఒక్క మాట తీయడానికి మాత్రం ఇన్నేళ్ళూ నరం దొరకలేదు.

చూశారా, మళ్ళీ జోకే. ఇది నా జబ్బు. ఆ రోజు జరిగినదానికి కూడా మొదలు జోకే.

మాది గురజాల నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఊరు. పేరు వద్దు. మా నాన్నకు పన్నెండెకరాల మిరప, ఒక మోటారుసైకిలు, ఒక పార్టీ ఉండేవి. మూడింటిలో ఎక్కువ పొగ వదిలింది పార్టీయే. అమ్మ ముప్పాళ్ళ వైపు నుంచి వచ్చింది. తక్కువ మాట్లాడుతుంది. శనివారం ఒంటిపూట, కార్తీకమంతా చన్నీళ్ళ స్నానం, వంటింటి గడప దగ్గర చెప్పులు కనబడితే ఆ పూట వంట మళ్ళీ మొదటినుంచి. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది, అదీ చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాక.

అలాంటి అమ్మకు ఒక స్నేహితురాలు ఉండేది. ఒకే ఒక్కతె. పేరు సువార్త.

సువార్తత్త ఊరి చివర పేటలో, చర్చి పక్క ఇంట్లో ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, దావీదు అనే తమ్ముడు ఒక్కడే. మిరప కోతలకొచ్చే ఆడవాళ్ళ ముఠాకు ఆమె పెద్ద. పాతిక మంది ఆమె కేకకు లేచి, ఆమె కేకకే వంగేవాళ్ళు. పొగాకు నమిలేది, అప్పుడప్పుడు చుట్ట వెలిగించేది. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడితే మా వీధి కుక్కలు లేచి కూర్చునేవి. ఒక బూతు అనేది, ‘ప్రభువా క్షమించు’ అని ఆకాశం వైపు చూసేది, అటునుంచి అభ్యంతరం లేదని తేలాక అదే బూతు మళ్ళీ అనేది.

వీళ్ళిద్దరికీ ఎలా కుదిరింది? మా నాన్న వల్లే. కోసిన కాయను కల్లంలో పోసి ఆరబెడతారు. ఆరాక ఆడవాళ్ళు రాశి చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరతారు. తాలుకాయంటే రంగు పోయి తెల్లబారిన కాయ. కూలివాళ్ళు కబుర్లలో పడకుండా కనిపెట్టుకుని ఉండమని మా నాన్న అమ్మను కల్లానికి పంపాడు. ఆ ఏడాది కల్లంలో అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పింది అమ్మే.

రాశికి ఇటు అమ్మ, అటు సువార్తత్త, మధ్యలో ఎర్రటి గుట్ట. కూలివాళ్ళు వెళ్ళిపోయాక కూడా వీళ్ళిద్దరి చేతులూ ఏరుతూనే ఉండేవి. ఒకసారి అమ్మ, ఎంతో కాలంగా అనుమానం ఉన్నదానిలా అడిగింది, ఏసుప్రభువు తల్లికి అత్తగారు ఉండేదా అని. “ఉండబట్టే గదక్కా, పశువుల పాకలో నీళ్ళాడాల్సొచ్చింది” అంది సువార్తత్త. అమ్మ కొంగు వెతుక్కునేలోపే నవ్వు బయటపడిపోయింది. అమ్మ పళ్ళు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

మా ఇంట్లో సువార్తత్తకు విడిగా ఒక స్టీలు గ్లాసు ఉండేది. పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. పైనుంచి కాఫీ పోస్తారు, తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించాలి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పడం మాత్రం ఎవరికీ తెలియదు. ఇంట్లో ఆమె అమ్మను ‘అమ్మగారూ’ అనేది. కల్లంలో ‘అక్కా’. ఒకరోజు కల్లంలో ఆమె సగం తాగి పక్కన పెట్టిన గ్లాసు తీసుకుని అమ్మ మిగతా సగం తాగేసింది. పొరపాటున కాదు. నేను చూశాను. సువార్తత్త ఖాళీ గ్లాసును చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత, “ఒసే పిల్లా, కల్లంలో ఎంగిలి లేదంట, మీ నాయనకు చెప్పమాక” అని నాకు కన్ను కొట్టింది. మర్నాటి నుంచి ఆ గ్లాసు పెరటి గోడ మీదికి రాలేదు, కల్లంలోనే ఉండిపోయింది.

నాకప్పుడు పదేళ్ళు. వాళ్ళిద్దరి ముందు నా పని ఒకటే, మా నాన్నలా నటించడం. ఎడమ కనుబొమ్మ పైకెత్తి, ఒక పుల్లను సిగరెట్టులా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, “ఊరి బాగు కోసం నా ప్రాణమైనా...” అని ఆగి, ప్రాణం ఇవ్వకుండా పుల్లను వెనక్కి చూడకుండా విసిరేదాన్ని. మా నాన్న సిగరెట్టు అలాగే విసురుతాడు. సువార్తత్త పొట్ట పట్టుకుని పక్కకు వాలేది. “మళ్ళీ చెయ్యవే, ఆ కనుబొమ్మ మళ్ళీ లేపవే!” అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. వాళ్ళిద్దరినీ ఒకేసారి నవ్వించడం కంటే పెద్ద పని ప్రపంచంలో ఉందని నాకు తెలియదు. ఇప్పటికీ పెద్దగా తెలియదు.

ఇక చెప్పాల్సింది చెప్పాలి.

ఆ రోజు బడి లేదు. నాకు కాస్త జ్వరంగా ఉందని అమ్మ ఇంట్లో పడుకోబెట్టి కల్లానికి వెళ్ళింది. మధ్యాహ్నం నేను వెనక దారిన అక్కడికి వెళ్ళేసరికి కల్లంలో ఎవరూ లేరు. కూలివాళ్ళకు ఆ రోజు వేరే చేలో కోత. అమ్మ టీ పెట్టడానికి ఇంటికి వెళ్ళింది. సువార్తత్త బిందె తీసుకుని బోరు దగ్గరికి వెళ్ళింది. రాశి ఒక పక్క, ఖాళీ గోతాలు ఒక పక్క, కింద పరిచిన గడ్డి. రాయి మీద సువార్తత్త అగ్గిపెట్టె. వాళ్ళు వచ్చేసరికి నిజం పొగ వచ్చేలా సాధన చేద్దామనుకున్నాను. ఎండిన పత్తి పుల్ల వెలిగించాను. కనుబొమ్మ ఎత్తాను. “ఊరి బాగు కోసం...” అన్నాను. వెనక్కి చూడకుండా విసిరాను.

బాగా వచ్చింది. అంత బాగా ఎప్పుడూ రాలేదు.

వెనక్కి చూసేసరికి గోతాలు అంటుకున్నాయి. వంగి చేతులతో కొట్టాను. ముందు జుట్టు చుర్రుమంది. గాలి కల్లం వైపు తిరిగింది. నేను అరవలేదు. బోరు ఎంత దూరమని, ఒక్క అరుపు దూరం. అరిచి ఉంటే రాశి సగమైనా మిగిలేది. అరవకుండా వచ్చిన దారినే పరిగెత్తి, వంటింట్లో ఉన్న అమ్మకు కనబడకుండా దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను.

మిరపకాయలు కాలితే ఏమవుతుందో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఊరు ఊరంతా దగ్గింది. రెండు పార్టీలూ కలిసి దగ్గాయి. మా ఊరి చరిత్రలో అవి రెండూ కలిసి చేసిన పని అదొక్కటే. గేదెలు తుమ్మాయి. చర్చిలో పాస్టరు, గుళ్ళో పూజారి ఒకేసారి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. దుప్పటి కింద నేనూ దగ్గుతున్నాను. అందరూ దగ్గే రోజు ఎవరి దగ్గునూ ఎవరూ అనుమానించరు.

మా ఊళ్ళో ఏదీ ఊరికే కాలదు. గడ్డివాము కాలినా, మోటారు కాలినా, వెనక ఒక పార్టీ ఉండాల్సిందే. పదేళ్ళ పిల్ల తన తండ్రిని వెక్కిరిస్తూ కల్లం తగలబెట్టిందనే ఆలోచన ఆ ఊరి బుర్రలోకి రానే రాదు. వచ్చినా ఎవరికీ ఉపయోగం లేదు. దావీదు అంతకు వారం ముందు అవతలి పార్టీ మీటింగులో కుర్చీలు వేశాడు. తాపీ మేస్త్రి, కూలికి పిలిస్తే వెళ్ళాడు. కల్లంలో చివరిసారి కనబడింది అతని అక్క. అగ్గిపెట్టె ఆమెది. సాయంత్రానికల్లా లెక్క సరిపోయింది.

అమ్మ ఒక్కతే నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే బూడిదలోకి వెళ్ళి ఆ స్టీలు గ్లాసు వెతికి తెచ్చింది. నల్లగా మాడిపోయి ఉంది. పెరట్లో కూర్చుని చింతపండుతో తోముతూనే ఉంది. కిటికీలోంచి చూస్తున్నాను. అది తెల్లబడేలోపు వెళ్ళి చెప్పేస్తానని అనుకున్నాను. అది తెల్లబడింది. ఇంకాస్త తోమితే బాగుండునని అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆంజనేయస్వామి గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. మా వైపు తగువు తేలకపోతే ప్రమాణం చేయిస్తారు. వెలిగించిన హారతి కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను చేయలేదని చెప్పాలి. తప్పు చేసినవాడు ఆర్పితే వంశం ఉండదంటారు. మిగతా రోజుల్లో సువార్తత్తను ఆ గుడి మెట్టు ఎక్కనివ్వరు. ఆ రోజు మాత్రం రమ్మని మనిషిని పంపారు.

ఆమె మెట్ల కింద నిలబడింది. “నేను చెయ్యలేదు. కానీ నేను ఒట్టెయ్యను. ఒట్టు పెట్టుకోవద్దని మా బైబిలు వాక్యంలో ఉంది” అంది.

“సిగరెట్లు తాగొద్దనీ, బూతులు తిట్టొద్దనీ లేదా మీ వాక్యంలో?” అన్నాడు ఎవరో. నవ్వారు.

“పొగాకే, సిగరెట్లు కాదు” అంది ఆమె.

అప్పుడు అమ్మ లేచింది. ఆడవాళ్ళ మధ్య నుంచి, మా నాన్న చూస్తుండగా, నా చెయ్యి పట్టుకుని ముందుకు వచ్చింది. మా అమ్మ పదిమందిలో మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

“కర్పూరం వద్దులేండి. సువార్తకు నా బిడ్డంటే ప్రాణం. నా బిడ్డ నెత్తిన చెయ్యేసి ఒక్క మాట చెప్పమనండి. నాకు చాలు, ఊరికీ చాలు.”

అమ్మ తన స్నేహితురాలి మీద నా తలను పందెం కాసింది. ఓడిపోతుందని కలలో కూడా అనుకోలేదు.

సువార్తత్త అమ్మను చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాను. “సరేనక్కా” అంది. ఊరందరి ముందు ‘అక్కా’ అంది. ఒక అడుగు ముందుకు వేసి, నా తల మీదికి చెయ్యి చాచి, వంగింది. పొగాకు వాసన వచ్చింది. నాకు ఆమె వాసన తెలిసినట్టే ఆమెకు నా వాసన తెలిసి ఉంటుంది. ఆ పూట నాకెవరూ తల దువ్వలేదు. కాలిన కుచ్చును నేనే కత్తిరించి, మిగిలిన జుట్టును దాని మీదికి లాగి పిన్ను పెట్టుకున్నాను. కాలిన వెంట్రుక వాసనను పిన్ను పెట్టి దాచలేం.

చెయ్యి నా తలకు జానెడు ఎత్తులో ఆగింది. ఆమె నా కళ్ళలోకి చూసింది. అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. ఏం అడ్డొచ్చింది? మా నాన్న బెల్టా? కొంత. కానీ ఎక్కువ భయం వేరు. వాళ్ళిద్దరూ ఇంక నన్ను చూసి నవ్వరని. మనుషుల్ని పోగొట్టుకోకుండా ఉండటానికి నోరు మూసుకుని, ఆ మూసుకోవడంతోనే ఇద్దరినీ పోగొట్టుకున్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నేను ఒట్టెయ్యను” అంది.

“ఏం సువార్తా?” అంది అమ్మ. అంతే అడిగింది. ఆమె నేల చూసింది. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, ఆమె చెయ్యి తగలకుండా కొంగుతో నా తల కప్పింది.

ఊరికి సాక్ష్యం సరిపోయింది. ఆ మర్నాడు బస్సు స్టాపు దగ్గర దావీదు కుడి చెయ్యి విరగ్గొట్టారు. కొట్టినవాళ్ళు తర్వాత మా ఇంటికొచ్చి మజ్జిగ తాగారు. గ్లాసులు అందించింది నేనే. తాపీ పట్టుకునే చెయ్యి అది. వారం తిరక్కుండా అక్కాతమ్ముళ్ళు ఊరు విడిచి పోయారు. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. మెరిసేలా తోమిన ఆ గ్లాసులో కొన్నాళ్ళు మా నాన్న గడ్డం గీసుకునే నీళ్ళు పోసుకున్నాడు.

అమ్మ మళ్ళీ కల్లానికి వెళ్ళలేదు. మళ్ళీ ఎవరితోనూ స్నేహం చేయలేదు. ఎవరైనా ప్రేమగా మాట్లాడితే, వాళ్ళు వెళ్ళాక, “మనిషి లోపల ఏముందో ఎవరికి తెలుసే” అనేది. నాకు తెలుసు. నేను ఆమె పక్కనే కూర్చుని, ఆ తెలిసినదాన్ని అన్నంలో కలుపుకుని తినేదాన్ని.

ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టింది ఒక్క ఊహ. ఆమె నన్ను కాపాడింది. నా మీద ప్రేమతో నింద తన మీద వేసుకుంది. నేరం నాదే అయినా, నేను అంత ప్రేమకు నోచుకున్న పిల్లను. ఎంత బాగుందో చూడండి ఈ ఊహ. కల్లం కాల్చినందుకు నాకు బహుమతి ఇచ్చినట్టుంది.

పోయిన నెల ఒక ఉదయం ల్యాబులో చీటీ మీద పేరు చూశాను. సువార్త. పరగడుపు షుగర్ పరీక్ష. లోపలికి వచ్చిన మనిషి సగమైపోయింది, పొగాకు వాసన మాత్రం చెక్కుచెదరలేదు. నాకు మాస్కు ఉంది. అలవాటుగా నోరు ఆడింది. “చీమ కుట్టినట్టుంటదమ్మా. ఆ చీమకు నెల జీతం కూడా ఉంది.”

ఆమె నవ్వలేదు. నా మొహం వైపు చూసింది. “ఎడం కనుబొమ్మ అట్టా లేపేవాడు మా ఊళ్ళో ఒక్కడే. ఆయన కూతురివా?”

సూది అప్పటికే నరంలో ఉంది. రెండు గొట్టాలు నిండే వ్యవధిలో పదిహేడేళ్ళది చెప్పాను. కల్లం అంటుకున్నది నా వల్లే అత్తా, అన్నాను.

“తెలుసు.”

“నన్ను కాపాడటానికే కదా ఆ రోజు చెయ్యి తీసేశావు?”

అప్పుడు నవ్వింది. పాత నవ్వే. “నిన్నా? నువ్వెవత్తెవే నాకు? చెయ్యలేదని నీ నెత్తిన చెయ్యేస్తే, మరెవరే అనేవోళ్ళు. నీ మొహం చూడకుండా నిలబడటం నా వల్లయ్యేదా? మీ నాయన ముందల మీ నాయన బిడ్డను చూపిస్తే పేటలో ఒక్క కొంప మిగిలేదా? దావీదు చెయ్యితో పోయింది. చానా తక్కువలో పోయిందనుకున్నాం.”

నా దగ్గర జోకులు అయిపోయాయి. దూది పెట్టాను. ఆమె నా వేళ్ళు తీసేసి తనే నొక్కుకుంది.

“మీ అమ్మకు చెప్పావా?”

“లేదు.”

“మరి నాకేందే చెప్పేది? నాకు తెలిసిందే నాకు చెప్పి పోతావా?”

చెయ్యి మడుచుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం రిపోర్టుకు ఎవరో కుర్రాడు వచ్చాడు.

పోయిన ఆదివారం ఊరికి వెళ్ళాను. అమ్మ డాబా మీద ఇంటి కారానికి కాయలు పోసుకుని తాలు ఏరుతోంది. చిన్న రాశి. అయినా ఒక పక్కనే కూర్చుంటుంది, రెండో పక్క ఖాళీగా వదిలి. నేను వెళ్ళి ఆ ఖాళీలో కూర్చున్నాను. చెప్పాను. పుల్ల, కనుబొమ్మ, గోతాలు, అరవకపోవడం, పిన్ను, వెంట్రుకల వాసన. సువార్తత్త ల్యాబుకొచ్చిందీ, ఏమందో అదీ చెప్పాను. ఒక్కచోట కూడా నవ్వించే ప్రయత్నం చేయలేదు.

అమ్మ చేతులు ఆగలేదు. ఏరుతూనే ఉంది. ఎర్రకాయలు కూడా తాలులో వేస్తోందని కాసేపటికి గమనించాను.

ఒక గుప్పెడు ఏరాక అడిగింది. “దాని షుగరెంత?”

“మూడొందలు దాటిందమ్మా.”

ఇంకో గుప్పెడు ఏరింది. నా వైపు చూడలేదు.

“అక్కణ్ణించి లెగు.”

లేచాను. అమ్మ ఆ ఖాళీ వైపు చూస్తూ ఉండిపోయింది. నేను మెట్లు దిగి వచ్చేశాను. వారమైంది, ఫోన్ ఎత్తడం లేదు. మా నాన్నకు ఇంకా చెప్పలేదు. ఊరికీ చెప్పలేదు. దావీదు ఎక్కడున్నాడో అడిగే ధైర్యం ఆ రోజు నాకు రాలేదు, ఆయనకు చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. అమ్మ క్షమిస్తుందనుకోవడం లేదు. ఆ ఖాళీలో కూర్చోవాల్సిన మనిషిని నేను కాదు కదా.

ఇది మీకు రాస్తూ చివర్లో ఒక నవ్వొచ్చే మాట కోసం వెతికాను. దొరికింది కూడా. రాయలేదు. గొంతు ఇంకా మండుతోంది. కానీ గింజ అక్కడ లేదు.